పది నిమిషాల్లో ఊరుకుంటే చాలు

మత్తుమందుకు అలవాటుపడ్డ తల్లి కడుపున పుట్టిన బిడ్డ రెండో రోజు నుంచి వణుకుతుంది. ఆ వణుకును అమెరికా ఆసుపత్రులు నలభై ఏళ్లు మార్కులేసి లెక్కపెట్టాయి. బిడ్డను ఎత్తుకుంటే ఏమవుతుందో లెక్కపెట్టింది మాత్రం మొన్నమొన్ననే.

మొదటి రోజు ఏమీ తెలియదు. నెలలు నిండి పుట్టిన బిడ్డ. బరువు కాస్త తక్కువే గానీ కంగారుపడేంత కాదు. పుట్టగానే ఏడ్చింది, పాలు తాగింది, నిద్రపోయింది. చూడవచ్చినవాళ్లు ముక్కు ఎవరి పోలికో తేల్చేసి వెళ్లిపోయారు.

రెండో రోజు పొద్దువాలేసరికి తుమ్ములు మొదలవుతాయి. ఒకటి, రెండు, వరసగా ఐదు. జలుబేమో అనుకుంటారు. వెనకే ఆవలింతలు. దుప్పటి సర్దితే ఉలిక్కిపడుతుంది. చేతులు వణుకుతుంటాయి. పట్టుకుని చూస్తే ఒళ్లు కొయ్యలా బిగుసుకుని ఉంటుంది. అర్ధరాత్రికి ఏడుపు అందుకుంటుంది.

ఆ ఏడుపు వేరు. ఆకలేడుపు సన్నగా మొదలై, పట్టించుకోకపోతే పెరుగుతుంది. ఇది మొదలవడమే కీచుగా మొదలవుతుంది. పాలపీక నోట్లో పెడితే ఆబగా అందుకుంటుంది గానీ, చీకడానికీ మింగడానికీ ఊపిరికీ పొంతన కుదరదు. తాగిన కాస్తా కక్కేస్తుంది. నీళ్ల విరేచనాలకు పిర్రలు పుండవుతాయి. కాళ్లు ఆగకుండా ఆడించి ఆడించి మడమలూ మోకాళ్లూ, పక్కగుడ్డకు రాసుకుని చుబుకమూ ఒరుసుకుపోతాయి. పుట్టి రెండు రోజులు కాని ఒంటిమీద అవి గాయాలు.

డాక్టర్లు దీన్ని నియోనేటల్ అబ్‌స్టినెన్స్ సిండ్రోమ్ అంటారు. వార్డులో పొడి అక్షరాల్లో నాస్. తల్లి గర్భంతో ఉండగా హెరాయిన్ గానీ, ఆక్సికోడోన్ లాంటి నొప్పి మాత్రలు గానీ, వాటిని మాన్పించడానికి ఇచ్చే మెథడోన్ గానీ వాడితే బిడ్డకు వచ్చేది ఇదే. అమెరికాలో 2010లో ఆసుపత్రుల్లో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో నలుగురికి ఈ జబ్బు రాశారు. 2017కి ఆ లెక్క 7.3కు చేరింది. బొగ్గు గనుల రాష్ట్రం వెస్ట్ వర్జీనియాలో అదే ఏడాది అది 53.5. అంటే పుట్టిన పందొమ్మిది మందిలో ఒకరికి.

తాడు తెగిన క్షణం

తాడు లాగుడు పందెం గుర్తు తెచ్చుకోండి. రెండు జట్లూ సమానంగా లాగుతున్నంతసేపు తాడు కదలదు. అవతలివాళ్లు ఉన్నట్టుండి వదిలేస్తే ఇవతలివాళ్లు వెల్లకిలా పడతారు.

హెరాయిన్, మెథడోన్ లాంటి ఓపియాయిడ్ మందులన్నీ మాయను దాటి బిడ్డకు చేరతాయి. అవి నరాలను నెమ్మదింపజేసే మందులు. నెలల తరబడి అలా అణచిపెడుతుంటే బిడ్డ మెదడు ఊరుకోదు, ఎదురు లాగుతుంది. మనిషిని అప్రమత్తంగా ఉంచే నోరాడ్రినలిన్ యంత్రాంగాన్ని పెంచుకుంటూ పోతుంది. మందు ఒక పక్క, మెదడు ఒక పక్క. కడుపులో ఉన్నంతకాలం సరిసమానం. బొడ్డుతాడు కోయగానే మందు జట్టు తాడు వదిలేసింది. ఇక మిగిలింది పట్టపగ్గాల్లేని మెదడు జట్టు. తుమ్ము, చెమట, వణుకు, విరేచనం, నిద్రలేమి అన్నీ అక్కడి నుంచి వచ్చినవే.

బాధ ఎప్పుడు మొదలవుతుందన్నది ఏ మందు ఎంతసేపు ఒంట్లో నిలుస్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది. హెరాయిన్ త్వరగా దిగిపోతుంది కాబట్టి ఒక రోజులోనే బయటపడుతుంది. మెథడోన్, అదే పనికిచ్చే బ్యుప్రెనార్ఫిన్ నెమ్మదిగా వదులుతాయి, రెండు మూడు రోజులు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ఆలస్యం. బిడ్డ బాగానే ఉంది కదా అని రెండో రోజే ఇంటికి పంపేస్తే అసలు గొడవ ఇంట్లో మొదలవుతుంది. అందుకే ఇలాంటి పిల్లల్ని నాలుగు నుంచి ఏడు రోజులు ఆసుపత్రిలోనే ఉంచి చూస్తారు.

ఇక్కడ ఒక మాట సరిచేసుకోవాలి. పత్రికల్లో, టీవీల్లో ఈ పిల్లల్ని ‘పుట్టు బానిసలు’ అన్నారు. తప్పు. బానిసత్వం అంటే, హాని అని తెలిసీ వెతుక్కుంటూ వెళ్లడం. ఈ బిడ్డ దేన్నీ వెతుక్కోలేదు. ఒళ్లు మందుకు అలవాటుపడింది, అంతే. ఆపరేషన్ తర్వాత పదిహేను రోజులు మార్ఫిన్ మీద ఉన్న ఏ రోగికైనా జరిగేది ఇదే. పేరు పెట్టడంలో ఏముంది అనకండి. ఆ పేరు బిడ్డతో పాటు బడిదాకా నడిచొస్తుంది.

ఇరవై ఒక్క లక్షణాల కాగితం

ఈ జబ్బు కొత్తదేం కాదు. మార్ఫిన్ మందుల దుకాణంలో అడిగినవాడికల్లా దొరికిన పందొమ్మిదో శతాబ్దంలోనే, అలవాటున్న తల్లుల బిడ్డలు పుట్టాక విలవిల్లాడటం యూరప్, అమెరికా వైద్యులు చూసి రాశారు. మందేమిటో ఆ వెనకే కనిపెట్టారు: ఆ మార్ఫినే, కాస్త. ఆ తర్వాతి తరాలు పేరెగోరిక్ అనే కర్పూరం కలిపిన నల్లమందు ద్రావణం చుక్కలు వేశాయి. నల్లమందు టింక్చర్‌ను ఇరవై ఐదు రెట్లు పలుచన చేసి వాడిన కాలమూ ఉంది. పలుచన చేసిన సీసాకూ చేయని సీసాకూ మధ్య పొరపాటు జరిగితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఆ భయంతోనే దాన్ని వదిలేశారు.

1970ల మొదట్లో ఫిలడెల్ఫియాలో లొరెట్టా ఫినెగన్ అనే పిల్లల డాక్టరమ్మ ముందు ఒక చిక్కు ఉండేది. వార్డు నిండా హెరాయిన్ తల్లుల బిడ్డలు. ఎవరికి మందు వేయాలి, ఎంత వేయాలి, ఎప్పుడు తగ్గించాలి అన్నది ఆ పూట డ్యూటీలో ఉన్నవాళ్ల అంచనాకు వదిలేసిన వ్యవహారం. ఒక నర్సుకు మరీ ఎక్కువనిపించిన వణుకు ఇంకో నర్సుకు మామూలే. ఫినెగన్ ఆ అంచనాలకు ఒక కొలబద్ద తయారుచేశారు. 1975లో అచ్చయిన ఆ పట్టికలో ఇరవై ఒక్క లక్షణాలు. కీచు ఏడుపుకు రెండు మార్కులు, ఆగకుండా ఏడిస్తే మూడు. పాలు తాగాక గంట కూడా నిద్రపోకపోతే మూడు. తుమ్ములు మూడు దాటితే ఒకటి. ఆవలింతలకూ ఒకటి. మూడు నాలుగు గంటలకోసారి కూడాలి. వరసగా మూడుసార్లు ఎనిమిది గానీ అంతకు మించి గానీ వస్తే మందు మొదలు.

ఫినెగన్‌ను తక్కువ చేయలేం. ఆమెకు ముందు ఈ పిల్లల బాధకు కొలతే లేదు. పైగా ఆమె తల్లుల్ని మరిచిన మనిషి కాదు. జెఫర్సన్ ఆసుపత్రిలో ఆమె నడిపిన ఫ్యామిలీ సెంటర్‌లో గర్భిణులకు మెథడోన్ వైద్యం, ప్రసవం, బిడ్డ సంరక్షణ ఒకే గొడుగు కింద దొరికేవి. కానీ కాగితం ఒక్కటే ప్రపంచమంతా వెళ్లింది. గొడుగు వెళ్లలేదు.

ఆ కాగితంతో వచ్చిన చిక్కు చూడండి. బిడ్డ వణుకుతుందా లేదా అన్నదానికి కదిపి చూడాలి. కదిపితే లేస్తుంది. లేస్తే ఏడుస్తుంది. ఏడిస్తే మార్కు. అప్పుడే కునుకుపట్టిన బిడ్డను లెక్కకోసం లేపి, లేచి ఏడ్చినందుకు మందు వేసే పరిస్థితి. ఆవలించిన పాపానికి మార్కు పడే పరీక్ష లోకంలో ఇదొక్కటే అనుకుంటా. ఎనిమిది దాటిన బిడ్డను నవజాత శిశువుల ఐసీయూకు తరలిస్తారు. మిలమిలా వెలిగే దీపాలు, కుయ్‌కుయ్‌మనే యంత్రాలు, పక్క తొట్టిలో ఏడు నెలలకే పుట్టి ప్రాణాలతో పోరాడుతున్న శిశువు. చిన్న చప్పుడుకే ఉలిక్కిపడే బిడ్డను ఆసుపత్రి మొత్తంలో అన్నిటికంటే సందడిగా ఉండే గదికి పంపడం! తల్లికి అక్కడ మంచం ఉండదు. చూడ్డానికి రావచ్చు, గంటో రెండు గంటలో.

మార్ఫిన్ చుక్కలు ఒకసారి మొదలయ్యాయా, వాటిని రోజుకో పది శాతం చొప్పున తగ్గించుకుంటూ రావాలి. మధ్యలో మార్కులు పెరిగితే మళ్లీ వెనక్కి. మూడు వారాలు, నాలుగు వారాలు. అదే పద్ధతి అనుకుని నాలుగు దశాబ్దాలు సాగింది.

మూడు ప్రశ్నలు

కనెక్టికట్‌లోని యేల్ న్యూ హేవెన్ పిల్లల ఆసుపత్రి వైద్యుడు మాథ్యూ గ్రాస్‌మన్ బృందం ఈ కాగితాన్ని పక్కనపెట్టి మూడే ప్రశ్నలు వేసుకుంది. బిడ్డ తాగుతోందా? కనీసం ఒక ఔన్సు పాలు గానీ, తల్లిపాలైతే సరిగ్గా గానీ. పడుకుంటోందా? కదపకుండా ఉంటే ఒక గంటైనా. ఏడుస్తుంటే పది నిమిషాల్లో ఊరుకుంటోందా?

మూడింటికీ అవునంటే మార్ఫిన్ అక్కర్లేదు. తుమ్మనివ్వండి, ఆవలించనివ్వండి, వణకనివ్వండి. ఒకదానికి కాదని వస్తే నర్సు, డాక్టరు, తల్లి కూర్చుని, బిడ్డను ఎత్తుకోవడంలో, గది ప్రశాంతంగా ఉంచడంలో ఇంకేం చేయగలమో ముందు చూస్తారు. అప్పటికీ కుదరకపోతే ఒక మోతాదు మందు. గంట కొట్టినట్టు వేళ ప్రకారం కాదు, అవసరమైనప్పుడే.

పేరు ‘ఈట్, స్లీప్, కన్సోల్’. తిను, నిద్రపో, ఊరుకో. మన ఇళ్లలో మనవడిని పెంచే అమ్మమ్మకు ఇది పరిశోధన అని చెబితే నవ్వుతుంది. కానీ ఆ నవ్వుతో సరిపెట్టలేం, ఎందుకంటే ఇది ప్రశ్నలు మార్చడంతో ఆగలేదు, ఆసుపత్రిని తలకిందులు చేసింది. బిడ్డను ఐసీయూకు పంపకుండా తల్లి గదిలోనే ఉంచారు. తల్లితోనే, తండ్రితోనే, లేకపోతే అమ్మమ్మతో. కాన్పుకు ముందే తల్లిని పిలిచి చెప్పారు: బిడ్డ పుట్టాక నువ్వు ఇక్కడే ఉండాలి, రోజంతా, ఎందుకంటే దీనికి మందు నువ్వే. ఆకలైనప్పుడల్లా పాలు, గడియారం చూసి కాదు.

2017లో వాళ్లు ప్రచురించిన లెక్కలు వైద్యలోకం నమ్మలేనట్టుగా ఉన్నాయి. మెథడోన్ తల్లుల బిడ్డలు అంతకుముందు ఆసుపత్రిలో ఉన్నది సగటున 22.4 రోజులు. ఇప్పుడు 5.9. మార్ఫిన్ వేయాల్సి వచ్చినవాళ్లు 98 శాతం నుంచి 14 శాతానికి దిగారు.

ఒక ఆసుపత్రి లెక్కను అందరికీ అంటగట్టలేం అన్నారు అనుమానపడ్డవాళ్లు. న్యాయమే. అందుకని 26 ఆసుపత్రుల్లో, 1,305 మంది పిల్లలతో పెద్ద పరీక్ష చేశారు. ఫలితం 2023లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. పాత పద్ధతిలో ఇంటికి వెళ్లగలిగే స్థితికి రావడానికి 14.9 రోజులు పడితే కొత్త పద్ధతిలో 8.2. మందు అవసరమైనవాళ్లు 52 శాతం నుంచి 19.5 శాతానికి తగ్గారు. మొదటి మూడు నెలల్లో పిల్లల క్షేమంలో రెండు పద్ధతులకూ తేడా లేదు. అంటే మందు దాచిపెట్టి పిల్లల్ని బాధకు వదిలేశారన్న ఆరోపణ నిలవలేదు.

అయినా ఐదుగురిలో ఒకరికి మందు కావలసే వచ్చింది. ఆ ఒక్కరికి ప్రేమ చాలు అనడం క్రూరత్వం. మార్ఫిన్ ఉంది, మెథడోన్ ఉంది, వాటితో తగ్గనప్పుడు తోడుగా క్లోనిడిన్ ఉంది. వేయాల్సినప్పుడు వేయాలి.

పొత్తిళ్ల విద్య

ఎత్తుకోవడం అంటే అందరికీ తెలిసినట్టే ఉంటుంది. ఈ పిల్లల్ని ఎత్తుకోవడానికి మాత్రం నేర్పు కావాలి.

వెస్ట్ వర్జీనియాలో ఒహాయో నది ఒడ్డున హంటింగ్టన్ అనే ఊరుంది. నొప్పి మాత్రలు, వాటి వెనకే హెరాయిన్ ఆ ఊరిని ముంచేసినప్పుడు అక్కడి నవజాత శిశువుల ఐసీయూలో తొట్లు చాలలేదు. 2014లో ఆ వార్డు నర్సులు శారా ముర్రే, రోండా ఎడ్మండ్స్ మరికొందరితో కలిసి లిలీస్ ప్లేస్ అనే కేంద్రం తెరిచారు. ఇలాంటిది వాషింగ్టన్ రాష్ట్రంలోని కెంట్‌లో బార్బరా డ్రెన్నెన్ 1990లోనే మొదలుపెట్టారు. ఆసుపత్రి వాసన లేని ఇల్లు. ఒక్కో బిడ్డకు ఒక్కో చిన్న గది, మసక దీపం, మెత్తటి మాటలు.

ఇలాంటి చోట్ల నేర్పే విద్యలో మొదటి పాఠం పొత్తిళ్లు. చేతులు రొమ్ముమీదకు మడిచి గుడ్డతో ఒద్దికగా చుడతారు. వదులుగా ఉంటే తన చెయ్యి తనకే తగిలి ఉలిక్కిపడుతుంది. రెండోది, ఒకసారికి ఒకటే. పాలు పడుతూ పాట పాడకూడదు, ఊపుతూ కళ్లలోకి చూస్తూ ముద్దు చేయకూడదు. ఆ మెదడు ఒక్క కబురును మాత్రమే అందుకోగలదు, రెండు కలిస్తే రభస. పాలు పట్టేటప్పుడు ముఖం కాస్త అవతలికి తిప్పి పట్టుకోమంటారు. బిడ్డ కళ్లలోకి చూడొద్దని తల్లికి చెప్పడం ఎంత కష్టమో ఆలోచించండి. ఒళ్లు కుదుటపడుతున్న కొద్దీ ఒక్కొక్కటే తిరిగిస్తారు: ముందు చూపు, తర్వాత మాట, ఆ తర్వాత పాట.

మూడోది ఊపు. అడ్డంగా కాదు, కిందికీ పైకీ, నెమ్మదిగా, ఒకే లయలో. పిర్రమీద గుండె చప్పుడులా తడుతూ. దీనికి మన దగ్గర జోకొట్టడం అనే మంచి మాట ఉంది. కక్కి, విరేచనమై ఒళ్లు కరిగిపోతుంది కాబట్టి పాలలో సత్తువ పెంచి, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పడతారు. పిర్రలకు ప్రతిసారీ మందపాటి లేపనం. గుడ్డలు విప్పి తల్లి ఎదమీద బోర్లా పడుకోబెట్టి ఇద్దరినీ కలిపి కప్పడం అన్నిటికంటే పెద్ద మందు. తల్లి రాలేని పిల్లలకు ఎత్తుకోవడానికే వచ్చే స్వచ్ఛంద సేవకులు చాలా ఆసుపత్రుల్లో ఉన్నారు. ఎక్కువగా రిటైరైనవాళ్లు. రావడం, చేతులు కడుక్కోవడం, కుర్చీలో కూర్చోవడం, రెండు గంటలు ఒకరి బిడ్డను మోయడం.

మన పురిటిగది గుర్తొస్తుంది. మసక వెలుతురు, పదిమందీ రాకూడదనే కట్టడి, తల్లీబిడ్డా ఒకే పక్క. అందులో ఉన్న మూఢనమ్మకాలన్నీ నేను వెనకేసుకురాను, బాలింతకు నీళ్లు తాగనివ్వని ఇళ్లు నాకు తెలుసు. కానీ ఐసీయూ కంటే ఆ గది ఈ బిడ్డకు నయం.

పరిశోధనలు లేని రోజుల్లో ఈ విద్యను ఒంటిచేత్తో చేసిన మనిషి గురించి కూడా చెప్పాలి. న్యూయార్క్ హార్లెమ్‌లో క్లారా హేల్ అనే నల్లజాతి పెద్దావిడ. 1969లో ఆమె కూతురు, పార్కులో మత్తులో జోగుతున్న ఒక తల్లినీ ఒళ్లో ఉన్న పసిదాన్నీ చూసి, మా అమ్మ దగ్గరికి వెళ్లమని చిరునామా ఇచ్చి పంపింది. ఆ కబురు పాకి ఇల్లు పిల్లలతో నిండిపోయింది. అప్పటికే అరవై దాటిన హేల్ ఆ పిల్లల్ని చంకనేసుకుని గదిలో తిరుగుతూ రాత్రులు గడిపింది. 1985లో అధ్యక్షుడు రీగన్ అమెరికా కాంగ్రెస్ ముందు చేసిన ప్రసంగంలో ఆమెను నిలబెట్టి అమెరికా వీరవనిత అన్నాడు. ఆమె చేసినదాన్ని ఆసుపత్రులు పద్ధతిగా మార్చుకోవడానికి ఇంకో ముప్పై ఏళ్లు పట్టింది.

తల్లి సంగతి

ఇంత చెప్పాక చాలామంది మనసులో ఉండే ప్రశ్న: కడుపుతో ఉండి ఆ పాడు మందు మానలేకపోయిందా?

మానకూడదు, అదీ ఉన్నపళంగా. ఇది వినడానికి విడ్డూరంగా ఉంటుంది. హఠాత్తుగా ఆపితే తల్లికి వచ్చే విత్‌డ్రాయల్, అంటే మందు ఆగిన బాధ, కడుపులోని బిడ్డకూ తగులుతుంది. నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదం ఉంది. ఎలాగో ఆపినవాళ్లలో ఎక్కువమంది మళ్లీ మొదలుపెడతారు. ఈలోగా ఒళ్లు తట్టుకునే శక్తి తగ్గి ఉంటుంది కాబట్టి ఆ మొదటి డోసే ప్రాణం తీయవచ్చు. అందుకని 1970ల నుంచీ వైద్యం ఒక్కటే: వీధి మందు బదులు రోజూ కొలిచి ఇచ్చే మెథడోన్, తర్వాతి కాలంలో బ్యుప్రెనార్ఫిన్. బిడ్డకు విత్‌డ్రాయల్ రావచ్చని తెలిసే ఇస్తారు, అది నయం చేయగలిగింది కాబట్టి.

ఆ రెంటిలో ఏది మేలన్నది 175 మంది గర్భిణులతో పరీక్షించి 2010లో చెప్పారు. బ్యుప్రెనార్ఫిన్ తల్లుల బిడ్డలకు సగటున 1.1 మిల్లీగ్రాముల మార్ఫిన్ సరిపోతే మెథడోన్ తల్లుల బిడ్డలకు 10.4 కావలసి వచ్చింది. కానీ బ్యుప్రెనార్ఫిన్ వాడిన తల్లుల్లో మూడోవంతు మంది మధ్యలో వదిలేశారు, మెథడోన్‌లో 18 శాతమే. బిడ్డకు మంచి మందు తల్లి కొనసాగించలేని మందైతే ప్రయోజనం ఏముంది? డాక్టర్లు తల్లిని చూసి ఎంచుకుంటున్నారు, కాగితం చూసి కాదు.

తల్లిపాలు ఇవ్వొచ్చా? వైద్యంలో నిలకడగా ఉండి, వీధి మందుల జోలికి పోని తల్లి ఇవ్వొచ్చు, ఇవ్వాలి కూడా. పాలలోకి వెళ్లే మెథడోన్ చాలా తక్కువ. తల్లిపాలు తాగే పిల్లల్లో బాధ తక్కువగా ఉండటం, మందు తక్కువ పట్టడం చూశారు.

చట్టం మాత్రం చాలాకాలం ఇంకో దారిన నడిచింది. దక్షిణ కెరొలినాలోని చార్ల్‌స్టన్‌లో ఒక ప్రభుత్వ ఆసుపత్రి గర్భిణుల మూత్రం వాళ్లకు చెప్పకుండా పరీక్షించి, ఫలితాలు పోలీసులకు ఇచ్చింది. వెతికింది కొకైన్ కోసం, దొరికింది ఎక్కువగా పేద నల్లజాతి స్త్రీలు. 2001లో సుప్రీంకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమంది. అయినా 2014లో టెనెసీ రాష్ట్రం, బిడ్డకు నాస్ వస్తే తల్లిమీద దాడి కేసు పెట్టే చట్టం తెచ్చింది. రెండేళ్లకే దాన్ని ముగిసిపోనిచ్చింది. జైలు భయం ఉన్న గర్భిణి మందు మానదు, డాక్టరు దగ్గరికి రావడం మానేస్తుంది. దొంగచాటున కాన్పు చేయించుకుని మూడోరోజు బిడ్డ వణుకుతుంటే ఎవరికి చెప్పుకుంటుంది?

మన నల్లమందు

ఈ జబ్బు గురించి చదవాలనుకునే డాక్టర్లు వెతికే వ్యాసాల్లో 2014లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన సమీక్ష ఒకటి. రాసినవారి పేరు ప్రభాకర్ కోచర్లకోట. ఆ ఇంటిపేరు దగ్గర నా కళ్లు కాసేపు ఆగాయి.

నల్లమందు మనకు పరాయిది కాదు. బ్రిటిష్ కాలంలో మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తంలో నల్లమందు ఎక్కువగా అమ్ముడుపోయిన చోట్లలో గోదావరి, విశాఖపట్నం జిల్లాలున్నాయి. మన్యం జ్వరానికి అది విరుగుడని నమ్మేవారు. పసిపిల్లలకు ఆవగింజంత నల్లమందు రంగరించి నాకించి పనికి వెళ్లడం దేశమంతటా ఉన్న అలవాటే. బొంబాయి బట్టల మిల్లుల్లో స్త్రీలు పొద్దున్నే బిడ్డకు నల్లమందు గోళీ వేసి, సాయంత్రం దాకా నిద్రపుచ్చి పనిలో నిలబడిన సంగతి 1920లలో ప్రభుత్వ నివేదికల్లోకి ఎక్కింది. తెలంగాణ నుంచి వలస వెళ్లిన కార్మికులెందరో ఆ మిల్లుల్లోనే పనిచేశారు. ఆ తల్లులను తప్పుపట్టడం తేలిక. బిడ్డను చూసుకునే తొట్టిల గది చాలా మిల్లుల్లో లేని రోజులవి.

ఇప్పటి లెక్క వేరు. 2019లో వెలువడిన ఎయిమ్స్ జాతీయ సర్వే ప్రకారం దేశంలో ఏదో ఒక రూపంలో ఓపియాయిడ్లు వాడేవాళ్లు 2.26 కోట్లు. పంజాబ్‌లో, ఈశాన్య రాష్ట్రాల్లో సమస్య తీవ్రం. ట్రమడాల్ మాత్ర చీటీ లేకుండా చేతులు మారుతూ ఉంటే 2018లో దాన్ని మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. తెలంగాణలో కల్తీకల్లు గొడవ ఉండనే ఉంది. అందులో కలిపే అల్ప్రజోలం ఓపియాయిడ్ కాదు గానీ, ఆ జాతి మందులకు అలవాటుపడిన తల్లి బిడ్డకు కూడా పుట్టాక చికాకు, వణుకు రావచ్చు.

పసిబిడ్డ వణికితే మన డాక్టర్లు ముందు చక్కెర చూస్తారు, కాల్షియం చూస్తారు, ఇన్ఫెక్షన్ ఉందేమో చూస్తారు. సరైన పద్ధతే, అవి ప్రాణాల మీదికి తెచ్చేవి. అన్నీ బాగుండి కూడా వణుకు ఆగకపోతే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, అత్తగారూ భర్తా బయటికి వెళ్లాక, తలుపు దగ్గరగా వేసి, పెద్ద నర్సమ్మ గొంతుతో: “ఏమ్మా, నొప్పులకనో నిద్రకనో ఏమన్నా మాత్రలు వేసుకునేదానివా? నాకు చెప్పు తల్లీ, ఎవరికీ చెప్పను, పాపకు ఏ మందు వేయాలో తెలియాలి కదా.” జవాబు రాకపోవచ్చు. వచ్చేదాకా రెండుమూడుసార్లు అడగాలి. అలవాటున్న తల్లి బిడ్డ పుట్టగానే ఊపిరి సరిగా తీయకపోతే, మత్తుకు విరుగుడైన నాలోక్సోన్ వేస్తే ఉన్నపళంగా ఫిట్స్ రావచ్చు. ఆ సంగతి తెలియాలన్నా తల్లి నోరు విప్పి ఉండాలి.

ఇంటికి

ఈ పిల్లలు పెద్దయ్యాక ఏమవుతారు? ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో బడి పరీక్షల ఫలితాలు చూస్తే నాస్ పిల్లలు మూడో తరగతిలోనే వెనకబడి ఉన్నారు, ఏడో తరగతికి ఆ దూరం పెరిగింది. అది మందువల్లా, పేదరికం వల్లా, ఇల్లు మారి మారి పెరగడం వల్లా అన్నది విడదీయడం కష్టం. తల్లిదండ్రులు చదువుకున్నవాళ్లైతే ఆ వెనకబాటు తగ్గిందని అదే పరిశోధన చెప్పింది. బిడ్డ మెదడులో ఏముందన్నదానికంటే బిడ్డ ఇంట్లో ఏముందన్నది మార్చడం మన చేతిలో ఉంది కాబట్టి, నాకైతే ఆ రెండో వాక్యమే ముఖ్యం.

ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు తల్లికి చెప్పేవి చిన్నచిన్న సంగతులు. వెల్లకిలా పడుకోబెట్టు. తుమ్ములు, చికాకు, సరిగా పట్టని నిద్ర ఇంకొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు ఉంటాయి, కంగారుపడకు. రాత్రి ఏడుపు ఆగక నీకే పిచ్చెక్కుతుంటే తొట్టిలో పెట్టి పక్కగదికి వెళ్లు, ఎవరికైనా ఫోన్ చెయ్యి. బరువు చూడ్డానికి రెండు రోజుల్లో తీసుకురా. నీ మందు మానకు.

ఆ ఆఖరి మాటకోసం ఆమె తెల్లవారుజామునే లేవాలి. మెథడోన్ క్లినిక్ కిటికీ పొద్దు పొడవకముందే తెరుస్తారు, పనులకు వెళ్లేవాళ్లు ముందుగా తాగి వెళ్లడానికి. చాలామంది తల్లులు మొదట్లో రోజూ రావాల్సి ఉంటుంది. చలికాలమైతే బిడ్డకు రెండు పొరలు చుట్టి, బుట్టలాంటి కారు సీటులో పెట్టుకుని, అది మోచేతికి తగిలించుకుని వరసలో నిలబడాలి. వరస కదిలినప్పుడల్లా బుట్ట కాస్త ఊగుతుంది. వంతు వచ్చాక బుట్టను కాళ్ల దగ్గర దించి, చిన్న ప్లాస్టిక్ కప్పులో పోసిచ్చింది నర్సు ఎదుటే తాగాలి. మింగినట్టు తెలియడానికి ఒక మాట మాట్లాడమంటారు. రోజూ ఉండేదే కాబట్టి ఏదో ఒకటి చెబుతారు. పసిబిడ్డ ఉన్నవాళ్లు మాత్రం రాత్రి ఎన్నిసార్లు లేచిందో చెబుతారు.